వయసు మళ్లిన చాంపియన్‌పై గెలుపును ఎంతకు లెక్కగట్టాలి?

హెవీవెయిట్ బాక్సింగ్ చాంపియన్ రాకీ మార్సియానో ఆడిన 49 పోటీల్లో ఒక్కటీ ఓడిపోలేదన్నది నిజమే గానీ, అతను ఓడించిన పెద్ద పేర్లన్నీ, అంటే జో లూయిస్, జెర్సీ జో వాల్కాట్, ఎజర్డ్ చార్లెస్, ఆర్చీ మూర్, అప్పటికే వయసు మళ్లినవాళ్లు కదా, అలా చచ్చిన పామును కొట్టినవాణ్ణి లారీ హోమ్స్, మైక్ టైసన్‌ల కంటే పైన ఎలా కూర్చోబెడతారు అన్నది మీ ప్రశ్న. దాని చివర, మన నిఖత్ జరీన్ మేరీ కోమ్‌ను ఎన్నడూ ఓడించలేదన్న వెలితి ఆమె పేరుకు ఉందా అని కూడా అడిగారు. రెండింటికీ జవాబు చెబుతాను, కాకపోతే మొదటిదానికి కొంత చుట్టు తిరిగి రావాలి.

ముందుగా ఒక మాట. మీరు పెట్టిన నియమం మార్సియానోతో ఆగదు. హోమ్స్ జాబితాలో అందరికీ గుర్తుండే పేరు మహమ్మద్ అలీ, ఆ పోటీ నాటికి అలీకి 38 ఏళ్లు. టైసన్ జాబితాలో ఆ హోమ్సే ఉన్నాడు, అప్పుడు అతనికీ 38 ఏళ్లే. పుట్టిన తేదీ చూసి గెలుపులను కొట్టివేయడం మొదలుపెడితే హెవీవెయిట్ చరిత్రలో సగం పేజీలు ఖాళీ అవుతాయి. అందుకే వయసును కాదు, ఆ రాత్రి ఆ మనిషిలో ఎంత సత్తా మిగిలి ఉందన్నదాన్ని కొలవాలని నేను అంటాను. దాన్ని కొలిచే దారి కూడా ఉంది: ఓడినవాడు ఆ పోటీకి ముందు రెండు మూడేళ్లలో ఏం చేశాడు, ఆ తర్వాత ఏం చేశాడు అన్నది చూడాలి. ముందు చేసినదాని కంటే తర్వాత చేసినదే ఎక్కువ నిజం చెబుతుంది.

నేను విశాఖపట్నంలో చాలా ఏళ్లు కుర్రాళ్లకు బాక్సింగ్ నేర్పాను. ఒకప్పుడు సర్వీసెస్ జట్టుకు ఆడి, నలభైకి దగ్గరపడిన ఒకాయన అప్పుడప్పుడూ సాయంత్రం వేళ వచ్చి, కాసేపు ప్యాడ్లు పట్టమని అడిగేవాడు. ఆయన జాబ్, అంటే ముందు చేత్తో సూటిగా వేసే పంచ్, నా అరచేతికి తగిలే వేగం పాతికేళ్ల కుర్రాడిదానికి ఏమాత్రం తీసిపోయేది కాదు. తేడా అంతా ఆ చెయ్యి వెనక్కి వచ్చేటప్పుడు కనిపించేది. కొట్టిన చెయ్యి గడ్డం దగ్గరకు తిరిగి చేరాల్సినదల్లా ఛాతీ ఎత్తులో ఒక్క క్షణం ఆగేది, ఆ ఒక్క క్షణంలో ఎదుటివాడి కుడిచెయ్యి దూరిపోవడానికి సరిపడా దారి ఉండేది. పైకి చూసేవాళ్లకు ఆయన ఏమీ తగ్గినట్టు కనిపించేవాడు కాదు. బాక్సర్‌కు వయసు ముందు కాళ్లలోకీ కళ్లలోకీ వస్తుంది, పంచ్ బలం దగ్గరకు అన్నిటికంటే చివర వస్తుంది. జార్జ్ ఫోర్‌మన్ 1994లో 45 ఏళ్ల వయసులో, ముగ్గురు జడ్జీల స్కోరు కార్డుల మీదా వెనకబడి ఉండి కూడా, పదో రౌండ్‌లో మైకేల్ మూరర్‌ను పడగొట్టి మళ్లీ చాంపియన్ అయ్యాడంటే దానికి కారణం ఇదే. కనుక ఏ బాక్సర్ దేని మీద ఆధారపడి ఆడేవాడన్నది తెలియకుండా అతని వయసును మాత్రమే చెబితే మనకు తెలిసేది చాలా తక్కువ.

దీనికి నేను ఎప్పుడూ ఇచ్చే ఉదాహరణ హెవీవెయిట్‌లో లేదు. వేల్స్‌కు చెందిన జో కాల్జాగీ 2008లో, ఒకే ఏడాదిలో, ఇద్దరు పాత చాంపియన్లను ఓడించాడు. ఏప్రిల్‌లో లాస్ వేగస్‌లో బెర్నార్డ్ హాప్కిన్స్‌ను, నవంబర్‌లో న్యూయార్క్‌లో రాయ్ జోన్స్ జూనియర్‌ను. హాప్కిన్స్ పుట్టింది 1965 జనవరి 15న, జోన్స్ పుట్టింది 1969 జనవరి 16న, అంటే హాప్కిన్స్ సరిగ్గా నాలుగేళ్ల ఒక్క రోజు పెద్ద. విచిత్రం ఏమిటంటే రెండు పోటీల్లోనూ మొదటి రౌండ్‌లోనే కాల్జాగీ కింద పడ్డాడు, రెండింటిలోనూ లేచి పాయింట్ల మీద గెలిచాడు. వయసే కొలత అయితే 43 ఏళ్ల హాప్కిన్స్ మీద గెలుపు కంటే 39 ఏళ్ల జోన్స్ మీద గెలుపే గొప్పది కావాలి. జరిగింది మాత్రం దానికి పూర్తిగా విరుద్ధం.

ఓడిన ఆరు నెలలకే, అక్టోబర్‌లో, హాప్కిన్స్ అప్పటికి ఓటమి ఎరుగని మిడిల్‌వెయిట్ చాంపియన్ కెల్లీ పావ్లిక్‌ను ఏకపక్షంగా ఓడించాడు. 2011లో, 46 ఏళ్ల వయసులో, మాంట్రియల్‌లో జాన్ పాస్కల్‌ను ఓడించి ప్రపంచ టైటిల్ గెలిచిన వాళ్లందరిలోకీ పెద్ద వయసువాడిగా నిలిచాడు. ఆ ఏప్రిల్ రాత్రి కాల్జాగీ స్ప్లిట్ డెసిషన్‌తో (ఇద్దరు జడ్జీలు అతని వైపు, ఒకరు ఎదుటివాడి వైపు) గెలిచాడని పెదవి విరిచినవాళ్లు తర్వాతి మూడేళ్లలో ఒక్కొక్కరే ఆ గెలుపు రేటు పెంచుకుంటూ పోవలసి వచ్చింది. జోన్స్ కథ వేరు. 2004లో ఆంటోనియో టార్వర్ చేతిలో రెండో రౌండ్‌లో, గ్లెన్ జాన్సన్ చేతిలో తొమ్మిదో రౌండ్‌లో నాకౌట్ అయ్యాడు, మరుసటి ఏడాది టార్వర్ చేతిలోనే మళ్లీ ఓడాడు. కాల్జాగీతో పోటీ తర్వాత ఏడాది తిరిగేసరికి ఆస్ట్రేలియాలో డానీ గ్రీన్ చేతిలో మొదటి రౌండే దాటలేకపోయాడు. ఇద్దరి ఆటా చూసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం లేదు. జోన్స్ చేతులు కిందికి వదిలేసి, తల ఎదురుగా పెట్టి, పంచ్ వచ్చే క్షణంలో తప్పుకుని దూకి హుక్ (మోచెయ్యి వంచి పక్క నుంచి వేసే పంచ్) కొట్టేవాడు, ఆ ఆటకు పెట్టుబడి కేవలం కంటి వేగం, అది ఒక్క పిసరు తగ్గినా పునాది కదులుతుంది. హాప్కిన్స్ పెట్టుబడి దూరం అంచనా వేయడం, దగ్గరకు వచ్చినవాణ్ణి పట్టుకోవడం, వాడి లయ చెడగొట్టడం, ఇవి వయసుతో పాటు పెరిగేవే గానీ తరిగేవి కావు. కాల్జాగీ 46 విజయాలతో ఓటమి లేకుండా తప్పుకున్నాడు, ఆ విజయాల పట్టీలో హాప్కిన్స్ పేరుకు ఉన్న బరువు జోన్స్ పేరుకు లేదు.

ఇప్పుడు మీరు పోల్చమన్నవాళ్ల దగ్గరకు వద్దాం. హోమ్స్, అలీ పోటీ 1980 అక్టోబర్ 2న లాస్ వేగస్‌లో జరిగింది. దాన్ని ఎవరి ఖాతాలో వేయాలన్నా నాకు చెయ్యి రాదు. అలీ అప్పటికి రెండేళ్లుగా రింగ్‌లోకి దిగలేదు. అంతకు మూడేళ్ల ముందే, 1977లో ఎర్నీ షేవర్స్‌తో పోటీ తర్వాత, అలీ డాక్టర్ ఫెర్డీ పచేకో ఇక ఆడవద్దని చెప్పి, వినకపోయేసరికి బృందం వదిలి వెళ్లిపోయాడు. హోమ్స్‌తో పోటీకి ముందు అలీ థైరాయిడ్ మందు వేసుకుని బరువు బాగా తగ్గాడు, జుట్టుకు నల్ల రంగు వేసుకుని 217 పౌండ్ల చక్కని శరీరంతో తూనిక దగ్గర నిలబడితే చూసినవాళ్లు పాత అలీ తిరిగి వచ్చాడని నమ్మారు. రింగ్‌లో ఆ శరీరానికి కాళ్లూ లేవు, చేతులూ లేవు. ముగ్గురు జడ్జీలూ పదికి పది రౌండ్లూ హోమ్స్‌కే ఇచ్చారు, పది రౌండ్లయ్యాక అలీ శిక్షకుడు యాంజెలో డండీ పోటీ ఆపించాడు. ఒకప్పుడు అలీకి స్పారింగ్ (సాధన పోటీల) భాగస్వామిగా పనిచేసిన హోమ్స్ తను కొట్టడం తగ్గించి రిఫరీ వైపు చూస్తూ ఆపమన్నట్టు నిలబడ్డాడు, తర్వాత ఏడ్చాడు కూడా.

ఏనుగు బతికినా వెయ్యి, చచ్చినా వెయ్యి అన్న సామెత బాక్సింగ్ వ్యాపారానికి సరిగ్గా అతుకుతుంది. అలీ పేరు మీద టికెట్ అమ్ముడుపోయింది, రింగ్‌లో ఉన్నది మాత్రం అలీ కాదు. ఆ గెలుపును హోమ్స్ గొప్పతనానికి రుజువుగా చూపించేవాళ్లు అతనికి మేలు చేస్తున్నామనుకుంటారు గానీ కీడే చేస్తున్నారు. హోమ్స్ నిజమైన పునాది 1978లో కెన్ నార్టన్‌తో పదిహేను రౌండ్లు తలపడి, అదీ స్ప్లిట్ డెసిషన్ మీద, టైటిల్ గెలవడం, ఆ తర్వాత ఏడేళ్ల పాటు 20 సార్లు దాన్ని నిలబెట్టుకోవడం. అలీ పేరు ఆ పట్టీలోంచి కొట్టేసినా హోమ్స్ స్థానం అంగుళం కూడా కదలదు.

టైసన్, హోమ్స్ పోటీ గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. 1988 జనవరి 22న అట్లాంటిక్ సిటీలో 21 ఏళ్ల టైసన్ నాలుగో రౌండ్‌లో హోమ్స్‌ను మూడుసార్లు పడగొట్టి పోటీ ముగించాడు. అప్పటికి హోమ్స్ మైకేల్ స్పింక్స్ చేతిలో రెండుసార్లు పాయింట్ల మీద ఓడి, దాదాపు 21 నెలలు ఆటకు దూరంగా ఉన్నాడు. అందుకే దీన్నీ అలీ పోటీ గాటనే కట్టేస్తారు. నేను కట్టను. హోమ్స్ మొత్తం 75 పోటీలు ఆడాడు, అందులో అతన్ని సమయం పూర్తికాకుండా ఆపగలిగినవాడు టైసన్ ఒక్కడే. నాలుగేళ్ల తర్వాత, 42 ఏళ్ల వయసులో, అదే హోమ్స్ ఒలింపిక్ స్వర్ణ విజేత, 18 పోటీల్లో ఓటమి లేని రే మెర్సర్‌ను మూలకు చేరి తాళ్లకు ఆనుకుని ఆడిస్తూ పాయింట్ల మీద ఓడించాడు, ఆ వెంటనే ఇవాండర్ హోలీఫీల్డ్‌తో 12 రౌండ్లూ నిలబడి ఓడాడు. 1992లో అంత మిగిలినవాడిలో 1988లో ఏమీ మిగలలేదనడం కుదరదు. సాధన లేక తుప్పు పట్టి ఉన్నాడంటే ఒప్పుకుంటాను. ఆ తుప్పుకు కొంత తగ్గించినా ఆ గెలుపులో చాలా విలువ మిగులుతుంది.

ఇక మార్సియానో. మీరు నలుగురినీ ఒకే మూట కట్టారు, విప్పి చూడాలి.

జో లూయిస్‌తో పోటీ 1951 అక్టోబర్ 26న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో. లూయిస్‌కు 37 ఏళ్లు. 1937 నుంచి 1949 దాకా చాంపియన్‌గా ఉండి 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్న మనిషి, ఆదాయపు పన్ను బకాయిలు తీర్చడానికి తిరిగి రింగ్‌లోకి వచ్చాడు. వచ్చీ రాగానే 1950లో ఎజర్డ్ చార్లెస్ చేతిలో పాయింట్ల మీద ఓడాడు, ఆ పైన వరసగా ఎనిమిది పోటీలు గెలిచాడు. మార్సియానో కంటే పాతిక పౌండ్లు బరువు, చేతుల పొడవు కూడా ఎక్కువ, పందాలు కాసేవాళ్లు కొద్దిగా లూయిస్ వైపే మొగ్గారు. ఎనిమిదో రౌండ్‌లో మొదట ఎడమ హుక్‌తో పడి లేచిన లూయిస్‌కు చివరి కుడి పంచ్ తగలగానే అతను తాళ్ల మధ్య నుంచి వెనక్కి జారి రింగ్ అంచు మీద పడ్డాడు, తల బయటికి, కాలు తాడు మీద. రిఫరీ లెక్కపెట్టనే లేదు. ఆ ఎనిమిది వరస విజయాలు చూసి లూయిస్ ఇంకా లూయిస్‌గానే ఉన్నాడని వాదించేవాళ్లు ఉన్నారు, నేను వాళ్లతో ఏకీభవించను. చార్లెస్‌తో పోటీలోనే అతని కుడిచెయ్యి బయలుదేరడం మరిచిపోయింది. జాబ్ మాత్రం మిగిలింది, మార్సియానోకు మొదటి రౌండ్లలో తగిలినవి ఆ జాబ్‌లే. లూయిస్ మళ్లీ ఆడలేదు కాబట్టి తర్వాతి సాక్ష్యం కూడా లేదు. ఈ గెలుపుకు నేను కొద్ది విలువే ఇస్తాను. ఓడించినవాడు కూడా దాన్ని పండగలా చేసుకోలేదు.

వాల్కాట్ విషయంలో మీ నియమం తలకిందులవుతుంది. వాల్కాట్ తన జీవితంలో మొదటిసారి చాంపియన్ అయిందే 37 ఏళ్ల వయసులో, 1951 జులైలో చార్లెస్‌ను ఏడో రౌండ్‌లో నాకౌట్ చేసి. అంతకు ముందు ఎన్నో ఏళ్లు పస్తులతో, అరకొర సాధనతో గడిపిన మనిషి అతను. 1952 సెప్టెంబర్ 23న ఫిలడెల్ఫియాలో మార్సియానోకు ఎదురుపడిన వాల్కాట్ వయసు 38, కానీ అతని ఆటలో అంతకంటే మంచి కాలం అంటూ వేరే ఏదీ లేదు. మొదటి రౌండ్‌లోనే మార్సియానోను జీవితంలో మొదటిసారి కింద పడేశాడు. పన్నెండు రౌండ్లయ్యేసరికి ముగ్గురి కార్డుల మీదా ముందున్నాడు. పదమూడో రౌండ్‌లో వాల్కాట్ తాళ్ల వైపు వెనక్కి వెళ్లి కుడిచెయ్యి ఎత్తబోయే క్షణానికి మార్సియానో కుడిచెయ్యి, మహా అయితే అడుగు దూరం ప్రయాణించి, దవడకు తగిలింది. వాల్కాట్ ఒక చెయ్యి తాడుకు తగులుకుని, మోకాలి మీదికి ఒరిగి, అలాగే ముందుకు వాలిపోయాడు. హెవీవెయిట్ చరిత్రలో టైటిల్ చేతులు మారిన పోటీల్లో దీని కంటే గొప్ప గెలుపులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మరుసటి ఏడాది చికాగోలో రెండోసారి తలపడినప్పుడు మాత్రం వాల్కాట్ మొదటి రౌండ్‌లోనే కూలి, ఆటకు స్వస్తి చెప్పాడు. ఆ రెండోదానికి నేను పైసా ఇవ్వను. మనిషి అదే, వయసు తేడా ఎనిమిది నెలలు, రెండు గెలుపుల మధ్య ఉన్న దూరం మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత.

చార్లెస్‌కు 1954 జూన్ నాటికి ఇంకా 33 నిండలేదు, నలుగురిలో చిన్నవాడు. నా లెక్కలో అతనే లూయిస్ తర్వాత ఎక్కువ అరిగిపోయినవాడు. దాదాపు వంద పోటీలు ఆడి ఉన్నాడు, అంతకు ముందు ఏడాదే నినో వాల్డెస్, హెరాల్డ్ జాన్సన్‌ల చేతుల్లో ఓడాడు. అయినా జూన్‌లో మార్సియానోతో పదిహేను రౌండ్లూ నిలబడ్డాడు, అలా నిలబడినవాడు మరొకడు లేడు. సెప్టెంబర్‌లో మళ్లీ తలపడి మార్సియానో ముక్కును చీల్చాడు, అయినా ఎనిమిదో రౌండ్‌లో ఓడాడు. ఆ తర్వాత చార్లెస్ ఆట దిగజారుతూనే పోయింది. మొదటి పోటీకి మంచి విలువ ఇవ్వాలి, అందులో సగం చార్లెస్ మొండితనానిది.

మూర్ 1955 సెప్టెంబర్‌లో మార్సియానోతో తలపడేనాటికి అతనికి 38 ఏళ్లని కొందరు, 41 అని కొందరు, ఆయన పుట్టిన సంవత్సరం ఆయనే రెండు రకాలుగా చెప్పుకునేవాడు. రెండో రౌండ్‌లో మార్సియానోను పడగొట్టి, తొమ్మిదో రౌండ్‌లో నాకౌట్ అయ్యాడు. హెవీవెయిట్ కంటే తక్కువ బరువు విభాగమైన లైట్ హెవీవెయిట్‌లో చాంపియన్‌గా మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి కొనసాగాడు. 1958 డిసెంబర్‌లో మాంట్రియల్‌లో ఇవాన్ డురెల్ మొదటి రౌండ్‌లో మూడుసార్లు, అయిదో రౌండ్‌లో ఒకసారి పడగొడితే, లేచి లేచి పదకొండో రౌండ్‌లో డురెల్‌నే నాకౌట్ చేశాడు. మూడేళ్ల తర్వాత అంత ఓర్పు చూపినవాణ్ణి మార్సియానో ఓడించినప్పుడు చచ్చిన పాము అనలేం. మూర్ సహజంగా లైట్ హెవీవెయిట్ అన్న అభ్యంతరం చెల్లుతుంది, వయసు అభ్యంతరం చెల్లదు.

ఇంకొక సంగతి మరిచిపోకూడదు. మార్సియానో ముసలివాళ్లను ఏరుకోలేదు, అతని కాలంలో పై వరసలో ఉన్నది వాళ్లే. రెండో ప్రపంచ యుద్ధం ఆ తరం నడిమి వయసును మింగేసింది, లూయిస్ అంతటివాడే 1942 మార్చి నుంచి 1946 జూన్ దాకా ఒక్క టైటిల్ పోటీ ఆడలేదు. చాంపియన్ ఎవరైతే వాడితోనే ఆడాలి, ఆ చాంపియన్ 38 ఏళ్లవాడైతే అది ఎదురుగా నిలబడ్డవాడి తప్పు కాదు. కాబట్టి మీ ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే, నేను హోమ్స్‌ను మార్సియానో కంటే కొద్దిగా పైన పెడతాను, కారణం వయసు కాదు, ఏడేళ్ల పాటు అన్ని రకాల ప్రత్యర్థులతో ఆడి నిలబడడం. మార్సియానోను టైసన్ కంటే పైన పెడతాను, ఎందుకంటే కార్డుల మీద ఓడిపోతూ, పడి లేచి, మంచి కాలంలో ఉన్న చాంపియన్‌ను చివరి రౌండ్లలో గెలిచిన వాల్కాట్ పోటీ లాంటిది టైసన్ పట్టీలో ఒక్కటీ లేదు.

ఇదే కొలత ఈ కాలపు వాదానికి కూడా పనికొస్తుంది. వ్లాదిమిర్ క్లిచ్‌కోను 2015లో డ్యూసెల్‌డోర్ఫ్‌లో ఓడించిన టైసన్ ఫ్యూరీ గొప్పా, 2017లో వెంబ్లీలో పదకొండో రౌండ్‌లో ఆపిన ఆంథొనీ జాషువా గొప్పా అని తరచూ అడుగుతుంటారు. ఫ్యూరీ గెలిచినప్పుడు క్లిచ్‌కోకు 39 ఏళ్లు, అయినా 2004 నుంచి ఒక్క ఓటమి లేదు. ఆ పోటీ చూడడానికి మహా విసుగు, ఇద్దరూ కలిపి కొట్టిన పంచ్‌లు తక్కువ, కానీ పదకొండేళ్లుగా ఎవరూ విప్పలేని తాళాన్ని ఫ్యూరీ విప్పాడు. జాషువా పోటీ నాటికి క్లిచ్‌కోకు 41, పదిహేడు నెలల విరామం. అయిదో రౌండ్‌లో పడ్డవాడు ఆరో రౌండ్‌లో జాషువాను పడగొట్టిన తీరు చూస్తే, ఆ రాత్రి అతను ఫ్యూరీతో ఆడినప్పటి కంటే ఎక్కువ తెగువతో ఆడాడని నాకనిపిస్తుంది. ఫ్యూరీ గెలుపు పెద్దది, జాషువా గెలుపు మంచి పోటీ. ఈ రెండూ ఒకటి కావు.

ఇక నిఖత్ సంగతి. 2019 డిసెంబర్ 28న ఢిల్లీలో, ఒలింపిక్ అర్హత పోటీలకు 51 కిలోల విభాగంలో జరిగిన ట్రయల్‌లో, 37 ఏళ్ల మేరీ కోమ్ 23 ఏళ్ల నిజామాబాద్ అమ్మాయిని 9-1తో ఓడించింది. దాన్ని నిఖత్ ఖాతాలో వెలితిగా రాయడం నాకు సమ్మతం కాదు. 2022 మేలో ఇస్తాంబుల్ ఫైనల్లో థాయ్‌లాండ్‌కు చెందిన జుటామస్ జిట్‌పాంగ్‌ను 5-0తో ఓడించి 52 కిలోల ప్రపంచ టైటిల్ గెలిచింది, మరుసటి ఏడాది ఢిల్లీలో 50 కిలోలకు దిగి మళ్లీ గెలిచింది. ఒక పాత పేరును ఓడించి తెచ్చుకున్న పేరు కాదు అది. ఓడినవాళ్లు తర్వాత ఏం చేశారో చూడమన్న నా కొలత ప్రకారం ఆ ట్రయల్ విలువ పెరగాల్సింది మేరీ కోమ్ పట్టీలో. రెండున్నరేళ్లలో ప్రపంచ చాంపియన్ కాబోతున్న అమ్మాయిని 37 ఏళ్ల వయసులో మూడు రౌండ్లపాటు అంత తేడాతో ఓడించింది.